నిశాకాశ చిత్రకారుడు ఎడ్వర్డు బార్నార్డు

ఛాయాచిత్రకళకు ప్రాణం వెలుతురు. ఎండ బాగా కాసే వేళ ఫోటో తీయడం ఈనాడు పసిపిల్లలకు సైతం చేతనైన పని. కాని దీపం లేని చోట, చంద్రుడు లేని రాత్రి, తలపైనున్న ఆకాశాన్ని పటంలోకి దింపవలెనంటే యంత్రం ఒక్కటే చాలదు. ఆ యంత్రం వెనుక నిలిచే మనిషికి గంటల తరబడి చెదరని చూపు, విసుగెరుగని ఓర్పు కావాలి. ఆ ఓర్పును ఏ పాఠశాలలోను నేర్వక, బీదరికమనే గురువు వద్ద, అదీ మిట్టమధ్యాహ్నపు టెండలో నేర్చుకొన్న ఒక బాలుని చరిత్ర ఇది. పాలపుంత నిజరూపాన్ని లోకానికి పటాలలో చూపిన ఎడ్వర్డు ఎమర్సన్ బార్నార్డు ఆ బాలుడు.

1857 డిసెంబరు 16వ తేదీన అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరంలో బార్నార్డు జన్మించాడు. కొడుకు ముఖం చూడకుండానే తండ్రి కన్ను మూశాడు. తల్లి ఎలిజబెత్ ఇద్దరు మగపిల్లలను పెట్టుకొని, రెక్కల కష్టంతో సంసారం ఈదుకొని వచ్చింది. 1861 మొదలు 1865 వరకు సాగిన అంతర్యుద్ధం ఆ పిల్లవాని పసితనాన్ని మింగివేసింది. నగరం సైన్యాల పాలైంది. పేదల ఇండ్లలో పొయ్యి రాజడమే గగనమైపోయింది. అతడు బడికి వెళ్ళినది మొత్తం మీద 2 మాసాలు మాత్రమే. అక్షరాలు నేర్పినదీ, చదువుపై ఆసక్తి కలిగించినదీ ఆ తల్లే.

తొమ్మిదవ ఏడు నిండకముందే, 1866లో, అతడు ఊరిలోని ఒక ఫోటోగ్రాఫరు వద్ద పనికి కుదిరాడు. విద్యుద్దీపాలు లేని ఆ రోజులలో చిన్న చిత్రాన్ని పెద్దదిగా అచ్చువేయడానికి సూర్యకాంతియే ఆధారం. అందుకై ఆ దుకాణం మేడపైన ఒక బ్రహ్మాండమైన యంత్రాన్ని నిలిపారు. దానికి గురుగ్రహం పేరు పెట్టారు. సూర్యుడు ఆకాశంలో జరుగుతున్నకొద్దీ ఆ యంత్రం ముఖం కూడా అతని వైపే తిరుగుతూ ఉండాలి. లేకపోతే వెలుగు పక్కకు తప్పి పటం చెడిపోతుంది. చక్రాలను చేతితో కొద్దికొద్దిగా త్రిప్పుతూ సూర్యుని అనుసరించడమే బాలుని ఉద్యోగం. అతనికి ముందు వచ్చిన పిల్లలు ఆ ఎండకు, ఆ ఏకాంతానికి తాళలేక నిద్రపోయేవారట. ఈ పిల్లవాడు నిద్రపోలేదు. ఇంటివద్ద తన కూలికై ఎదురుచూసే తల్లి ఉన్నదన్న సంగతి అతనికి తెలుసు.

దినదినమూ సూర్యునివైపే చూచేవానికి ఇతరులకు కనిపించనివి కనిపిస్తాయి. గడియారం పన్నెండు కొట్టే వేళకు సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే తావున ఉండడని, కొన్ని మాసాలలో ముందుగాను, కొన్ని మాసాలలో వెనుకగాను వస్తాడని అతడు తనంతట తానే కనిపెట్టాడు. అది ఖగోళ శాస్త్రజ్ఞులు ఏనాడో లెక్కకట్టిన విషయమని అతనికి తెలియదు. పని ముగించుకొని చీకటిలో ఇంటికి నడచి వెళ్ళేటప్పుడు నక్షత్రాలే అతనికి తోడు. వాటి పేర్లు చెప్పగలవారు లేరు. పేరు తెలియని ఆ చుక్కలను అతడు ముఖపరిచయం ఉన్న పొరుగువారివలె గుర్తు పెట్టుకొన్నాడు.

ఇలా పదేండ్లు గడిచాయి. 1876లో ఒక పరిచయస్థుడు అతనివద్ద కొద్ది సొమ్ము అప్పు తీసుకొని, తాకట్టుగా ఒక పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. మనిషి తిరిగి రాలేదు, సొమ్మూ రాలేదు. కోపంతో మూలన పడవేసిన ఆ పుస్తకాన్ని తరువాత విప్పి చూస్తే, అది థామస్ డిక్ అనే పండితుడు రచించిన ఖగోళ గ్రంథం. అందులో నక్షత్రపటం ఉన్నది. బార్నార్డు ఆ పటాన్ని కిటికీ వద్దకు తెచ్చి ఆకాశంతో పోల్చి చూచాడు. అభిజిత్తు, శ్రవణం, హంస మండలంలోని చుక్కలు, చిన్ననాటి నేస్తాలందరి పేర్లూ ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోయాయి. రాని బాకీ అతనికి రావలసినదానికంటె ఎంతో ఎక్కువే ఇచ్చింది.

పిమ్మట దూరదర్శినిపై మనసు పోయింది. 5 అంగుళాల కటకం గల ఒక దూరదర్శినిని అతడు 380 డాలర్లకు కొన్నాడు. అది అతని సంవత్సరాదాయంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. 1877లో అమెరికా శాస్త్రజ్ఞుల మహాసభ నాష్‌విల్‌లో జరిగినప్పుడు సుప్రసిద్ధుడైన సైమన్ న్యూకోంబును కలిసి సలహా అడిగాడు. గణితం రానివాడు ఈ శాస్త్రంలో పెద్దగా సాధించేది ఉండదని ఆ పండితుడు నిర్మొగమాటంగా చెప్పాడు. 2 మాసాల చదువు గల యువకుడు ఒక స్తంభం చాటుకు పోయి కన్నీరు పెట్టుకొన్నాడు. ఆ కన్నీరు ఆరిన తరువాత చేసిన మొదటి పని ఏమంటే, తన కొద్ది జీతంలోనే కొంత మిగిల్చి, లెక్కలు చెప్పడానికి ఒక ఉపాధ్యాయుని కుదుర్చుకోవడం.

1881లో రోడా కాల్వర్టును వివాహమాడాడు. ఆ కాలంలో వార్నరు అనే ధనికుడు, క్రొత్త తోకచుక్కను కనిపెట్టిన ప్రతివారికీ 200 డాలర్ల బహుమానం ప్రకటించాడు. పగలు ఫోటోల దుకాణం, రాత్రి తోకచుక్కల వేట! 1881 మొదలుకొని ఒకదాని తరువాత ఒకటిగా తోకచుక్కలు అతని కంటబడ్డాయి. ఆ బహుమానాలతోనే ఒక చిన్న ఇల్లు కట్టుకొని, వృద్ధురాలైన తల్లిని, భార్యను అందులో ఉంచాడు. ఊరివారు దానిని తోకచుక్కల ఇల్లు అని పిలిచారు. 1883లో వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయం వేతనమిచ్చి అతనిని విద్యార్థిగా చేర్చుకొని, తమ వేధశాలను అప్పగించింది. పదిహేడేండ్లు చేసిన ఫోటోల పని అంతటితో ముగిసినట్లు కనిపించింది. నిజానికి అది అప్పుడే ఫలించడానికి సిద్ధమవుతున్నది.

1888లో బార్నార్డు కాలిఫోర్నియాలో క్రొత్తగా వెలసిన లిక్ వేధశాలలో ఉద్యోగం పొందాడు. 4,200 అడుగుల ఎత్తున, హామిల్టన్ పర్వత శిఖరంపై ఉన్న ఆ వేధశాలలోని 36 అంగుళాల దూరదర్శిని ఆనాటికి ప్రపంచంలో కెల్ల పెద్దది. దానిని తాకే అవకాశం మాత్రం క్రొత్తగా వచ్చిన ఈ సహాయకునికి దొరకలేదు. పెద్ద పరికరం దొరకనివాడు చిన్న పరికరంతో ఏమి చేయగలడో చూడవలెనని నిశ్చయించుకొన్నాడు.

అంతకుముందు 1882లో దక్షిణాఫ్రికాలో డేవిడ్ గిల్ అనే శాస్త్రజ్ఞుడు, ఊరి ఫోటోగ్రాఫరు కెమేరాను దూరదర్శినికి కట్టి ఒక గొప్ప తోకచుక్కను చిత్రించాడు. ఆ చిత్రంలో తోకచుక్క వెనుకనున్న నక్షత్రాలు అసంఖ్యాకంగా పడి అందరినీ ఆశ్చర్యపరిచాయి. 1889 జనవరి 1న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని బార్నార్డు ఒక చిన్న కెమేరాతోనే ఎంతో స్ఫుటంగా చిత్రించి తన హస్తవాసి చూపాడు. ఇక అతని చూపు పాలపుంతపై పడింది.

ఇక్కడ ఒక్క విషయం విద్యార్థులు గమనించాలి. మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. క్షణం చూచినా గంట చూచినా దానికి కనిపించేది ఒక్కటే. మందు పూసిన గాజుపలక అట్లా కాదు. కురిసిన వెలుగును బొట్టుబొట్టుగా దాచుకొంటుంది. కంటికి అందని మసక చుక్కలు సైతం కొన్ని గంటల తరువాత దానిపై తేలుతాయి. అయితే ఆ కొన్ని గంటలూ భూమి ఊరకుండదు, తిరుగుతూనే ఉంటుంది. కెమేరా కదలకుండా ఉంటే ప్రతి చుక్కా గీతయై పోతుంది. గడియారపు యంత్రంతో కెమేరాను తిప్పవచ్చు గాని, ఆనాటి యంత్రాలు అంత నిక్కచ్చిగా నడిచేవి కావు. కాబట్టి ఒక మనిషి పక్కనున్న దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని అడ్డతీగల కూడలిలో నిలిపి, అది వెంట్రుకవాసి తొలగినా వెంటనే సర్దుతూ ఉండాలి. మధ్యలో గాలి త్రోసినా, మబ్బు కమ్మినా, కునుకు పట్టినా అంతవరకు పడిన శ్రమ వ్యర్థం.

బార్నార్డు వాడిన కటకం ముఖచిత్రాలు తీయడానికి ఒకప్పుడు ఫోటో దుకాణాలలో వాడిన పాతది; వ్యాసం సుమారు 6 అంగుళాలు. పెద్ద దూరదర్శిని ఆకాశంలో పిడికెడు చోటును మాత్రమే చూడగలదు. మనుష్యుల ముఖాలకై పుట్టిన ఈ కటకం మాత్రం విశాలమైన ఆకాశభాగాన్ని, ప్రకాశవంతంగా, ఒక్కసారిగా పట్టుకొన్నది. దానిని ఒక కొయ్యపెట్టెకు బిగించి, చిన్న దూరదర్శిని పక్కన కట్టాడు. 1889 వేసవిలో ధనూరాశివైపు త్రిప్పి, ఆగస్టు మాసారంభంలో 3 గంటలకు పైగా గాజుపలకను ఆకాశానికి తెరచి ఉంచాడు. అంతసేపూ కన్ను చుక్క మీద, చేయి మర మీద. మేడపైని ఎండలో సూర్యుని అనుసరించిన ఆ బాలుడే, ఇరవై మూడేండ్ల తరువాత, పర్వతశిఖరంపై చీకటిలో ఒక నక్షత్రాన్ని అనుసరిస్తూ కూర్చున్నాడు. వెలుగు మారింది; పని మారలేదు.

చీకటిగదిలో ఆ పలకను కడిగినప్పుడు పాలపుంత మేఘాలవలె, నురుగువలె పొరలు పొరలుగా తేలింది. వేలాది సంవత్సరాలుగా మానవుడు చూస్తున్నదే అయినా, దాని నిర్మాణం అంత వివరంగా కనిపించడం అదే మొదలు. 1892 అక్టోబరులో ఇటువంటి పలక మీదనే ఒక క్రొత్త తోకచుక్క దొరికింది. కంటితో గాక ఫోటోతో కనిపెట్టిన తోకచుక్కలలో మొదటిదిగా దానిని చెప్పుకొంటారు. అదే సంవత్సరం పెద్ద దూరదర్శిని వాడుకొనే రాత్రి వారానికొకటి ఎట్టకేలకు దక్కగా, సెప్టెంబరు 9న గురుగ్రహానికి ఐదవ ఉపగ్రహాన్ని కనిపెట్టాడు. 1610లో గెలీలియో నాలుగింటిని చూచిన తరువాత మరొకటి కనబడడం అదే ప్రథమం.

కీర్తి వచ్చింది, 1895లో చికాగో విశ్వవిద్యాలయం వారి యెర్క్స్ వేధశాలకు పిలుపు వచ్చింది. కాని ఒక ప్రశ్న ఆయనను వదలలేదు. పాలపుంత చిత్రాలలో చుక్కల నడుమ అక్కడక్కడ సిరా చిందినట్లు నల్లని మచ్చలు పడేవి. అవి నక్షత్రాలు లేని శూన్యాలా, లేక నక్షత్రాలను మరుగుపరుస్తున్న ఏదో పదార్థమా? మొదట అవి నిజమైన రంధ్రాలేనని ఆయన కూడ నమ్మాడు. తన అభిప్రాయాన్ని నిలబెట్టుకోవడం కంటె పలకపై పడినదానిని నమ్మడం ముఖ్యమని తెలిసినవాడు గనుక తొందరపడలేదు. కేథరిన్ బ్రూస్ అనే దాత ఇచ్చిన ధనంతో 10 అంగుళాల కటకంగల క్రొత్త కెమేరా సిద్ధమైంది. 1905లో దానిని కాలిఫోర్నియాలోని విల్సన్ పర్వతానికి తీసుకొనిపోయి, కొన్ని మాసాలపాటు వందల కొలది పలకలు తీశాడు.

1913 వేసవిలో ఒక నిర్మలమైన రాత్రి చిన్న చిన్న మబ్బుతునకలు పాలపుంత మీదుగా పోతుండగా చూచాడు. వెలుగు వెనుక ఉండడంచేత ఆ మబ్బులు నల్లని బొట్లవలె కనిపించాయి. తన పలకలమీది మచ్చలు అచ్చంగా అట్లే ఉన్నాయని ఆయనకు స్ఫురించింది. అంతరిక్షంలోను వెలుగును అడ్డగించే మేఘాలు ఉన్నవన్న నమ్మకం బలపడింది. 1919లో అటువంటి 182 నల్లని గుర్తుల పట్టికను ప్రకటించాడు. నక్షత్రాల మధ్య వెలుగును మ్రింగే ధూళి నిజంగా ఉన్నదని 1930లో రాబర్టు ట్రంప్లరు నిరూపించాడు. అట్టి చల్లని ధూళిమేఘాలలోనే క్రొత్త నక్షత్రాలు పుట్టుతున్నవని నేడు మనకు తెలుసు. చీకటి అనుకొన్నది పురిటిగది అయింది.

పాత పలకలు కూడ ఆయనకు ఊరక ఉండలేదు. 1894లో తీసినదానిని 1916లో తీసినదానితో పోల్చగా, ఒక మసక చుక్క చోటు మారినట్లు తెలిసింది. ఇంచుమించు 175 సంవత్సరాలలో చంద్రబింబమంత దూరం జరిగే ఆ నక్షత్రం, ఆకాశంలో మనకు కనిపించే కదలికలో అన్నిటికంటె వడిగలది. సుమారు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న దానికి బార్నార్డు నక్షత్రమనే పేరు నిలిచింది.

ఆయన చివరి కోరిక పాలపుంత చిత్రాలను ఒక గ్రంథంగా వెలువరించడం. అచ్చుయంత్రంలో వివరాలు చెడిపోతాయని, పుస్తకంలో నిజమైన ఫోటోలనే అతికించాలని పట్టుబట్టాడు. 700 ప్రతులకు కావలసిన 35,700 ఫోటోలను ఒక్కొక్కటిగా తానే పరీక్షించాడు. దుకాణంలో పనివాడుగా నేర్చిన శ్రద్ధను మహాపండితుడైన తరువాత కూడ తక్కువగా చూడలేదు. గ్రంథం పూర్తికాకముందే, 1923 ఫిబ్రవరి 6న ఆయన మరణించాడు. వేధశాలాధ్యక్షుడు ఎడ్విన్ ఫ్రాస్టు, భార్య తరపు బంధువైన మేరీ కాల్వర్టు కలిసి దానిని పూర్తిచేసి 1927లో వెలువరించారు.

బార్నార్డుకు బాల్యం లేదు, బడి లేదు, చాలాకాలం తగిన పరికరం లేదు. ఉన్నది ఒక్కటే: ఒక వెలుగును విడువకుండా చూచే అలవాటు. అది కూలికై వచ్చిన అలవాటు. ఆ పని చేసేనాడు అది విద్య అని అతనికి ఎవరూ చెప్పలేదు. తరగతిలో వెనుక బల్లపై కూర్చున్న బీదవిద్యార్థి ఇంటివద్ద చేసివచ్చే పనులలో ఏ విద్య దాగి ఉన్నదో మనకు తెలియదు. అది బయటపడేవరకు, బార్నార్డు నక్షత్రాన్ని కాచినట్లు, ఓర్పుతో కనిపెట్టి ఉండడమే ఉపాధ్యాయుని పని.