తలనూనెతో కథలకు పోటీ పెట్టిన సుగంధ వ్యాపారి

శరత్ నవలలు చదవని తెలుగు పాఠకులు తక్కువ. అయితే శరత్‌బాబు కథ మొట్టమొదట అచ్చయింది ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో అన్న సంగతి చాలామందికి తెలియదు. ఆ పోటీ పెట్టినవారు కలకత్తా సుగంధ ద్రవ్యాల వ్యాపారి హేమేంద్రమోహన్ బోస్. హెచ్.బోస్‌గా ఆయన ప్రసిద్ధులు.

తూర్పు బెంగాల్‌లోని మైమన్‌సింగ్ జిల్లాలో 1860ల దశకంలో ఆయన జన్మించారు. డాక్టరు కావాలని కలకత్తాలో వైద్యవిద్యలో చేరారు. ప్రయోగశాలలో యాసిడ్ కళ్లలో పడడంతో నెలల తరబడి చికిత్స పొందవలసి వచ్చింది. చూపు దక్కింది గాని చదువు ఆగిపోయింది. నిరుత్సాహపడకుండా ఆయన సుగంధాల తయారీకి పూనుకున్నారు.

ఆ రోజుల్లో మంచి సెంటు, మంచి తలనూనె అంటే సీమ సరుకే అన్న భ్రమ చదువుకున్నవారిలో బలంగా ఉండేది. 1890 ప్రాంతంలో బోస్ కుంతలీన్ అనే వాసన నూనెను బజారులోకి తెచ్చారు. కుంతలం అంటే జుట్టు అని మనకూ తెలిసిందే. తర్వాత దెల్‌ఖోష్ అనే సెంటు, తాంబూలంలోకి తాంబూలిన్, లావెండర్ నీళ్లు, ఓడికొలోన్ వగైరాలు తయారు చేశారు. దేశవాళీ సరుకు నాసిరకం కానక్కర లేదని ఆయన నిరూపించారు.

సరుకు ఎంత మంచిదైనా నలుగురికీ తెలియాలి కదా! అందుకు బోస్ కొత్త ఉపాయం ఆలోచించారు. 1896లో కుంతలీన్ పురస్కారం పేరిట కథల పోటీ ప్రారంభించారు. కథలో కుంతలీన్, దెల్‌ఖోష్‌ల ప్రస్తావన రావాలి, కాని అది ప్రకటనలా కనిపించరాదు. ఇదీ నిబంధన. మొదటి ఏడాది బహుమతి గెలిచిన కథలో తుపానును తలనూనె శాంతింపజేస్తుంది. పేరు లేకుండా వెలువడిన ఆ కథ రాసింది శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్ కావడం విశేషం. 1903లో బహుమతి పొందిన మందిర్ అనే కథ శరత్‌ది. ఆయన దానిని మేనమామ వరసైన సురేంద్రనాథ్ పేరుతో పంపారు.

హెచ్.బోస్ సుగంధాలతో ఆగిపోలేదు. సైకిళ్ల దుకాణం పెట్టారు. జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్‌లకు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. కుంతలీన్ ప్రెస్ పేరిట అచ్చుకూటం నడిపారు.

1905లో బెంగాల్ విభజనతో వందేమాతరం ఉద్యమం చెలరేగింది. మరుసటి ఏడాది కలకత్తా ధర్మతల్లా వీధిలో ఆయన టాకింగ్ మెషిన్ హాలు తెరిచి, మైనపు సిలిండర్లపై పాటలు రికార్డు చేసి అమ్మారు. రవీంద్రనాథ్ ఠాకూర్ స్వయంగా పాడిన వందేమాతరం, స్వదేశీ గీతాలు అందులో ఉన్నాయి. ఆ పాటలంటే తెల్లదొరలకు గిట్టదని తెలిసినా ఆయన జంకలేదు. 1908లో ఫ్రాన్సులోని పాథే కంపెనీ ద్వారా ఆ పాటలను గ్రామఫోను ప్లేట్లుగా తెచ్చారు. మైనపు సిలిండర్లలో చాలా భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. ఠాకూర్ వందేమాతరం మాత్రం ప్లేటు మీద నిలిచింది.

ఆయన భార్య మృణాళిని. ఆమె సోదరుడు ఉపేంద్రకిశోర్ రాయ్, సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్‌కి తాత. బోస్ దంపతులకు 14 మంది సంతానం. వారిలో నితిన్ బోస్ గంగా జమున చిత్రానికి దర్శకుడు, ఫాల్కే పురస్కార గ్రహీత. కార్తిక్ బోస్ పేరున్న క్రికెటర్.

1916లో హెచ్.బోస్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు సుమారు 50 ఏళ్లు. సీసాలోని సెంటు ఏనాడో ఆవిరైపోయింది. ఆ సీసా అమ్మడానికి పెట్టిన పోటీ మాత్రం దేశానికి ఒక శరత్‌ను పరిచయం చేసింది. మన ఊళ్లలోనూ ఇంటిల్లిపాదీ కూర్చుని అగరుబత్తులు, తలనూనెలు చేసుకునే కుటుంబాలు ఉన్నాయి. సరుకు బాగున్నా అమ్ముకునే దారి తెలియక అవస్థపడే అటువంటి వారికి హెచ్.బోస్ జీవితం చక్కని పాఠం.