సమాజ స్వాస్థ్యం కోరిన రఘునాథ కర్వే

కర్వే అన్న పేరు వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది మహర్షి ధోండో కేశవ కర్వే. పూనాకు చేరువనున్న హింగణే గ్రామంలో వితంతువులకు ఆశ్రయం కల్పించి, 1916లో స్త్రీలకొక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి, 1958లో భారతరత్న బిరుదమందుకొని, నూరేండ్లు దాటి జీవించిన మహానుభావుడాయన. ఆయన పెద్దకుమారుడు రఘునాథ ధోండో కర్వే. తండ్రి పేరు పాఠ్యపుస్తకాల కెక్కినది. కొడుకు పేరు న్యాయస్థానపు దస్త్రాల కెక్కినది. తండ్రి స్త్రీకి విద్య కావాలన్నారు. ఆ విద్య నేర్చిన స్త్రీ ఎన్ని కాన్పులకు తట్టుకోగలదు, భర్త నుండి ఆమెకు ఏ రోగాలు సంక్రమిస్తున్నాయి, ఆ బాధను ఆమె ఎవరితో చెప్పుకోగలదు అన్నవి కొడుకు వేసిన ప్రశ్నలు. ఈ ప్రశ్నలను బాహాటంగా అడగడమే ఆయన చేసిన అపరాధం.

రఘునాథ 1882 జనవరి 14వ తేదీన కొంకణ తీరంలోని మురుడులో జన్మించినారు. తల్లి రాధాబాయి 1891లో ప్రసవ సమయంలో మరణించినది. అప్పటికి ఆ బాలునికి తొమ్మిదేండ్లు. కాన్పు అన్న మాట ఆ వయసులో ఆయన మనసులో ఏ ముద్ర వేసినదో ఊహించడం కష్టం కాదు. కాని ఊహను చరిత్రగా వ్రాయరాదు గనుక అంతటితో విడిచిపెడుతున్నాను. 1893లో తండ్రి గోదూబాయి అనే వితంతువును పునర్వివాహం చేసుకొన్నారు. మన రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించిన పన్నెండేండ్లకు జరిగిన పెండ్లి అది. పంతులుగారు పడిన పాట్లు తెలిసిన తెలుగువారికి మురుడు గ్రామస్థులు కర్వే కుటుంబాన్ని వెలివేసిన తీరును వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. లోకం కాదన్నంత మాత్రాన ఒక పని తప్పు కాదన్న పాఠం రఘునాథకు ఇంటిలోనే, చిన్ననాడే అబ్బినది.

చదువులో ఆయన మేటి. 1899లో మెట్రిక్యులేషను పరీక్షలో ప్రథముడుగా ఉత్తీర్ణుడై, పూనా ఫెర్గూసన్ కళాశాలలో 1904లో బి.ఏ. పూర్తి చేసినారు. తండ్రివలె గణితశాస్త్రమే ఆయనకు అభిమాన విషయం. తొలి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో పారిస్ వెళ్ళి ఉన్నత గణితం అభ్యసించి వచ్చినారు. గణితానికీ గర్భనిరోధానికీ సంబంధమేమని పాఠకులు అడుగవచ్చు. రుజువు లేనిదే ఒప్పుకోరాదన్నది గణితం నేర్పే మొదటి నియమం. ఆ నియమాన్ని కర్వే నల్లబల్ల దగ్గరే వదలక పడకగది వరకు తీసుకొనిపోయినారు.

1921లో, లండనులో మేరీ స్టోప్స్ గర్భనిరోధ కేంద్రం తెరచిన సంవత్సరంలోనే, కర్వే బొంబాయిలో ఆ విధమైన కేంద్రాన్ని ప్రారంభించినారు. మన దేశంలో ఇది మొట్టమొదటిదని చెబుతారు. మైసూరు సంస్థానం ప్రభుత్వ పక్షాన ఇటువంటి కేంద్రాలు తెరచినది 1930లో. అంటే ఈ గణితోపాధ్యాయుడు ఒక ప్రభుత్వం కంటె తొమ్మిదేండ్లు ముందు నడచినాడన్నమాట. పురుషులు ధరించే రబ్బరు తొడుగు, గర్భాశయ ముఖాన్ని కప్పే రబ్బరు మూత వంటి సాధనాలు ఆనాటికి పాశ్చాత్య దేశాల్లో వాడుకలోకి వచ్చినవి. వాటి ఉపయోగాన్ని సామాన్యులకు తెలియజెప్పడానికి 1923లో ‘సంతతి నియమన’ అనే గ్రంథాన్ని మరాఠీలో ప్రచురించినారు. ఆయన, భార్య మాలతీబాయి తమకు సంతానం వద్దని నిశ్చయించుకొన్నారు. ఇతరులకు చెప్పిన మాటను ముందు తమ ఇంట ఆచరించిన దంపతులు వారు.

అప్పటికి ఆయన బొంబాయి విల్సన్ కళాశాలలో గణితాచార్యుడు. అది క్రైస్తవ మిషనరీల విద్యాసంస్థ. కళాశాలలో పాఠం చెప్పే మనిషి వీధిలో గర్భనిరోధం బోధించడం అధికారులకు నచ్చలేదు. ఉద్యోగమో ఉద్యమమో తేల్చుకోవలసి వచ్చినప్పుడు, 1925లో, కర్వే ఉద్యోగం వదులుకొన్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ ఒక్క వాక్యం వెనుక ఎంత బరువున్నదో తెలుస్తుంది. నెల జీతం పోవడమొక్కటే కాదు. నలుగురిలో ‘మాస్టారు’ అన్న గౌరవం కూడా పోయినది. మిగిలినది వెక్కిరింత. ఇల్లు నడపడంలోనూ, చేపట్టిన పనిలోనూ మాలతీబాయి ఆయనకు అండగా నిలిచినారు.

కర్వే గర్భనిరోధం ఒక్కటే బోధించినారనుకోవడం పొరపాటు. సుఖవ్యాధుల నుండి ఆత్మరక్షణ గురించి కూడా ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసినారు. ఆ కాలంలో దాని అవసరం ఎంతటిదో నేటి విద్యార్థులకు కొంత వివరించాలి. సవాయిరోగానికి కారణమైన సూక్ష్మజీవిని జర్మనీ శాస్త్రజ్ఞులు కనుగొన్నది 1905లో. రక్తపరీక్ష 1906లో వచ్చినది. 1910లో సాల్వర్సాన్ అనే పాషాణ సంబంధమైన మందు వచ్చినా, దానితో చికిత్స సుదీర్ఘమూ ప్రమాదభరితమూను. పెన్సిలిన్ ఈ రోగాన్ని కుదర్చగలదని తెలిసినది 1943లో. అంతవరకు రోగం రాకుండా చూసుకోవడమే సర్వోత్తమమైన వైద్యం. సెగరోగం సంగతి మరీ విషాదకరం. పురుషునిలో మంట, చీము రూపంలో అది బయటపడుతుంది. స్త్రీలో తరచు పైకి ఏ చిహ్నమూ కనిపించదు. లోలోపల గర్భాశయాన్ని దాటి అండవాహికలకు ప్రాకి, వాటిని వాపునకు గురిచేసి మూసివేస్తుంది. నడుము క్రింది భాగంలో నొప్పి ఏండ్ల తరబడి వేధిస్తుంది. ఆపైన సంతానం కలుగకపోతే లోకం గొడ్రాలన్న నింద వేసేది ఆమె మీదనే. రోగం తెచ్చిన భర్త రెండవ పెండ్లికి సిద్ధపడతాడు! బిడ్డ పుట్టినా, ప్రసవ మార్గంలో ఆ విషం కండ్లకు సోకి చూపు పోవచ్చును. ఈ కార్యకారణ సంబంధాన్ని దాపరికం లేని మరాఠీలో వ్రాసి, తప్పెవరిదో పాఠకులకు తెలియజెప్పడం కర్వే చేసిన పని.

1927 జూలైలో ‘సమాజ్ స్వాస్థ్య’ అనే మాసపత్రికను ప్రారంభించినారు. సంపాదకుడు, ప్రకాశకుడు, చాలావరకు రచయిత కూడ ఆయనే. ‘శారద ఉత్తరాలు’ అన్న అర్థం వచ్చే శీర్షిక క్రింద స్త్రీ పేరుతో వ్యాసాలు వ్రాసేవారు. శరీరం సహజమైనదే గాని సిగ్గుపడవలసినది కాదని చాటడానికి ముఖపత్రం మీద నగ్న స్త్రీ చిత్రాలు ముద్రించినారు. ఇది ఆయనకు మేలు చేసినదా అన్నది నాకు సందేహమే. వ్యాసం చదివితే ఒప్పుకోగలిగిన పెద్దమనుషులు ముఖపత్రం చూచి పత్రికను ప్రక్కకు నెట్టి ఉంటారు. కాని కర్వే రాజీపడే స్వభావం గలవారు కారు. ఆ మొండితనమే లేకపోతే ఆ పత్రిక అన్నేండ్లు నిలిచేదీ కాదు.

ఆ పత్రికకు ప్రాణం పాఠకుల ప్రశ్నలు. తల్లిదండ్రులతో చెప్పుకోలేని యువకులు, వైద్యుని ముందు నోరు విప్పలేని గృహస్థులు తమ గోడును ఆ పత్రికకు వ్రాసేవారు. ముఖ్యంగా బాలురను పీడించిన భయం ఒకటి ఉండేది. హస్తప్రయోగం వలన ధాతువు నశించి, నరాలు కృశించి, క్షయ, ఉన్మాదం వంటివి కలుగుతాయని ఆనాడు పండితులూ చెప్పేవారు, వైద్యులూ చెప్పేవారు, అన్నిటికంటె ఎక్కువగా మందులు అమ్ముకొనే ప్రకటనకర్తలు చెప్పేవారు. కర్వే ఆ భయానికి ఆధారం లేదని సూటిగా జవాబిచ్చినారు. నేటి వైద్యశాస్త్రం ఆయన చెప్పినదే చెబుతున్నది. లైంగిక శక్తిని పెంచుతామనీ సుఖవ్యాధులను కుదుర్చుతామనీ చేసే మందుల ప్రకటనలను నిషేధిస్తూ పార్లమెంటు శాసనం చేసినది 1954లో, కర్వే పోయిన మరుసటి యేట. ఐనా బస్సుస్టాండు గోడల మీద ఆ ప్రకటనలు నేటికీ కనిపిస్తూనే ఉన్నవి.

సనాతనులు ఊరుకోలేదు. వ్యభిచార సమస్యపై వ్రాసిన ఒక వ్యాసం అశ్లీలమని 1931లో అభియోగం తెచ్చినారు. నూరు రూపాయల జరిమానా పడినది. పై న్యాయస్థానానికి వెళ్ళినా లాభం లేకపోయినది. 1934లో మరల నేరారోపణ జరిగినది. ఈసారి అపరాధం, గుజరాతీ సంచికలో పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలు! హస్తప్రయోగం గురించి, సజాతీయుల మధ్య ఆకర్షణ గురించి వచ్చిన ప్రశ్నలవి. కర్వే పక్షాన వాదించడానికి వచ్చినవారు బారిస్టరు భీమరావు అంబేద్కరు. రౌండు టేబిలు సమావేశాలు, పూనా ఒడంబడిక అప్పటికి గడచినవి. చేతినిండా దళితోద్యమం ఉన్నది. ఓడిపోయేందుకే అవకాశమున్న ఈ వ్యాజ్యం ఆయన ఎందుకు చేపట్టినారో ఆయన వాదనలోనే కనిపిస్తుంది. లైంగిక విషయ పరిజ్ఞానాన్ని ప్రచారం చేయడమే పత్రిక ధ్యేయమైనప్పుడు, ఆ విషయంపై వచ్చిన ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే పత్రికను మూసివేయవలసినదే కదా అని అడిగినారు. లైంగిక విషయం ప్రస్తావించిన ప్రతి రచననూ అశ్లీలమనడం సరికాదన్నారు. సజాతీయాకర్షణ పుట్టుకతో వచ్చే స్వభావమన్న శాస్త్రజ్ఞుల అభిప్రాయాన్ని ఉదాహరించినారు. న్యాయమూర్తి మనసు మారలేదు. ఈసారి జరిమానా రెండు వందల రూపాయలు. ఆ ఆకర్షణకు సంబంధించిన శిక్షాస్మృతి విధిని మన సుప్రీంకోర్టు సడలించినది 2018లో అని గుర్తు చేసుకొంటే, 1934 నాటి ఆ వాదన ఎంత ముందుచూపు గలదో అర్థమవుతుంది.

గాంధీ మహాత్ముడు కృత్రిమ సాధనాలను అంగీకరించలేదు, బ్రహ్మచర్యమే మార్గమన్నారు. 1935 డిసెంబరులో అమెరికా నుండి మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి చర్చించినా ఆయన తమ అభిప్రాయం మార్చుకొనలేదు. మహాత్ముని ఎదుట మారు మాట్లాడడమే అపచారమనుకొనే రోజుల్లో కర్వే బ్రహ్మచర్య బోధను పత్రికాముఖంగా ఖండించినారు. కామం స్త్రీకి కూడ సహజమేననీ, సుఖం ఆమెకు కూడ హక్కేననీ ఆయన వ్రాసిన మాట ఆనాడు అనేకులకు మింగుడు పడలేదు. వివాహబంధం విషయంలో ఆయన వెల్లడించిన కొన్ని స్వేచ్ఛాభిప్రాయాలతో నేటివారు కూడ అందరూ ఏకీభవించరు.

ఇంటి వెలుపల ఎన్ని గాలివానలు వీచినా కర్వేల కుటుంబంలో విద్యకు లోటు రాలేదు. ‘యుగాంత’ వ్రాసిన ఇరావతీ కర్వే ఆయన తమ్ముడు దినకరు భార్య. 2001లో అమోల్ పాలేకర్ ‘ధ్యాసపర్వ’ అనే చలనచిత్రంలో రఘునాథ, మాలతీబాయిల జీవితాన్ని తెరకెక్కించినారు.

1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టినది. ప్రపంచంలో మరే ప్రభుత్వమూ అంతకు ముందు అట్టి పని చేయలేదు. దాదాపు పాతికేండ్ల క్రిందట ఏ బోధ కారణంగా కర్వే ఉద్యోగం పోయినదో, అదే ఇప్పుడు రాజ్యనీతి అయినది. అప్పటికి ఆయనకు డెబ్బదేండ్లు. ప్రతి మాసమూ పత్రికకు వ్యాసాలు వ్రాస్తూనే ఉండినారు. 1953 అక్టోబరు 14వ తేదీన ఆయన కన్నుమూసినారు. తొంబది అయిదేండ్ల తండ్రి అప్పటికింకా సజీవులే. ‘సమాజ్ స్వాస్థ్య’ నవంబరు సంచిక ఆయన పోయిన తరువాత వెలువడినది. అదే కడపటి సంచిక.