బడిపంతులు రహీం సాహెబు

పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుని స్థానము సాధారణముగా వరుసలో చివరిది. గణితమునకో ఆంగ్లమునకో గంట చాలనప్పుడు ముందుగా కోతపడునది ఆయన గంటయే. ఆయన నేర్పినదానికి పరీక్షలలో మార్కులు లేవు. సాయంకాలము పిల్లలను మైదానమునకు తీసికొనిపోయి, చీకటి పడువేళకు ఇండ్లకు పంపివేయుటతో ఆయన పని ముగిసినదని లోకము భావించును. అట్టి ఉద్యోగమున పెక్కు సంవత్సరములు గడపిన హైదరాబాదు ఉపాధ్యాయుడొకడు భారతదేశపు ఫుట్‌బాలు జట్టును ఆసియా క్రీడలలో రెండు పర్యాయములు విజేతగా నిలిపెను. ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమునకు చేర్చెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రకు, అభిమానులకు రహీం సాహెబు.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పుచ్చుకొనెను. అచటనే ఫుట్‌బాలు ఆడి పేరు తెచ్చుకొనెను. ఎలెవెన్ హంటర్స్ అను జట్టులోను, తరువాత నగరపు పోటీలలో గట్టిదిగా పేరొందిన కమర్ క్లబ్బులోను ఆడెను. ఆటగాడుగా ఆయన మంచివాడే. కాని ఆయన పేరు నిలిచినది సొంత ఆటవలన కాదు. కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయుడుగా ప్రవేశించి, వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాటు హైస్కూళ్లలో ఆటల బాధ్యత వహించెను. బడిలో సంపాదించిన అలవాట్లు ఆయనను కడదాక విడువలేదు. పిల్లవాడు తప్పుచేసినపుడు కసరుకొనుటకంటె ఆ తప్పు ఎచట పుట్టినదో వెదకుట, ఒక పాఠము పట్టుబడనిదే రెండవ పాఠమునకు పోకుండుట ఆయన తీరు.

1940 ప్రాంతములలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి అయ్యెను. మరణించు వరకు ఆ పదవిలోనే ఉండెను. పోటీల ఏర్పాటు, ఆటగాండ్ర ఎంపిక, వారి తగవులు తీర్చుట, అన్నియు ఆయన నెత్తిమీదనే పడెను. కాని బల్లముందు కూర్చుండి కాగితములు చూచుటతో తృప్తిపడు స్వభావము ఆయనకు లేదు.

ఆ కాలమున మన దేశములో బంతి కాలికి దొరికినవాడు దానిని విడువక, ఎదురైనవారినెల్ల తప్పించుకొని పోవుటయే గొప్ప ఆటయని ప్రేక్షకులు తలచెడివారు. చప్పట్లును వానికే. ఈ మోజును విరుగగొట్టుటకు రహీం కొన్ని వింత పోటీలు నడపెను. ఒక పోటీలో బంతిని తనవద్ద నిలుపుకొని త్రిప్పరాదు. వచ్చిన బంతిని వచ్చినట్లే తోటివానికి అందింపవలెను. మరియొక పోటీలో కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోనే, ఎడమకాలివారు కుడికాలితోనే ఆడవలెను. ఒక కొలతకు మించిన ఎత్తుగలవారికి ప్రవేశమే లేని పోటీలును జరిపెను. పొడగరుల గుంపులో కనుమరుగగు పొట్టి పిల్లలలోని నేర్పరులు వానిలో బయటపడుచుండిరి. ఇవి వినుటకు వేడుకగా తోచును. కాని కుడిచేతితో వ్రాయు పిల్లవానిచే పట్టుబట్టి ఎడమచేత వ్రాయించినచో వానికెంత కష్టమో ఉపాధ్యాయులెరుగుదురు. ఆ కష్టమునకు ఓర్చిన ఆటగానికి మైదానమున రెండు కాళ్లును కాళ్లగును. ఎదిరివాడు ఏ వైపు కాచుకొనవలెనో తెలియక తికమకపడును.

ఈ పాఠముల ఫలము మొదట హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో పండెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్ జట్టును ఓడించెను. కలకత్తాయే దేశమున ఫుట్‌బాలునకు రాజధానియని నమ్మిన రోజులలో, సంస్థానమునుండి వచ్చిన పోలీసు జట్టొకటి కలకత్తా పెద్దలను పడగొట్టుట చిన్న సంగతి కాదు. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956లోను, 1957లోను గెలిచెను. భారత జట్టులో హైదరాబాదువారి సంఖ్య ఏటేట పెరుగజొచ్చెను.

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగెను. భారత జట్టునకు రహీం శిక్షకుడు, శైలేన్ మన్నా నాయకుడు. ఫైనలులో సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఇరాను ఓడెను. స్వర్ణపతకము వచ్చెను, దేశము సంతోషించెను. ఆ సంతోషము ఏడాదిన్నరయైనను నిలువలేదు.

1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లావియాను ఎదుర్కొనెను. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. చలిదేశపు తడి పచ్చికపై బూట్లు లేని కాళ్లకు పట్టు చిక్కలేదు. మన దేశములో పోటీలు తొంబది నిమిషములకంటె తక్కువ కాలమే జరుగుచుండెడివి. అందుచేత కడదాక నిలువగల ఊపిరియు చాలలేదు. యుగోస్లావియా పది గోళ్లు చేసెను. భారతదేశము పక్షమున అహ్మద్ ఖాన్ ఒక్కటి చేసెను. ఆ యుగోస్లావియాయే తరువాత ఫైనలు వరకు పోయి హంగేరీ చేతిలో ఓడినదన్న మాట నిజమే కాని, పది గోళ్ల అవమానమునకు అది ఊరట కాలేదు.

వట్టికాళ్ల ఆట మనకొక గర్వకారణముగా ఉండెడిది. 1948లో లండనులో వట్టికాళ్లతోనే ఆడి ఫ్రాన్సుకు కేవలము ఒక గోలు తేడాతో ఓడిన జట్టును ఆంగ్లేయులు మెచ్చుకొనిరి. ఆ మెప్పు మనకు మేలుకంటె కీడే ఎక్కువ చేసినది. హెల్సింకి తరువాత బూట్లు తప్పనిసరి చేయబడెను. బూట్లు తొడిగినంతనే పని తీరదు. పసితనమునుండి వట్టికాలితో బంతిని తాకినవానికి తోలుబూటులో బంతి స్పర్శయే తెలియదు. వాడు మరల మొదటినుండి నేర్చుకొనవలెను. ఓటమిని ఓటమిగా ఒప్పుకొని, పెద్దవారిచేత ఓనమాలు దిద్దించు ఓర్పు ఉపాధ్యాయునకే ఉండును. ఆ నాలుగేండ్లలో రహీం చేసిన పని అదియే. ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులు అను పాతకాలపు అమరికను ఆయన విడిచెను. హెల్సింకిలో స్వర్ణము గెలిచిన హంగేరీ జట్టు పోకడలను మనవారి శక్తికి తగినట్లు మార్చుకొనెను. బ్రెజిలు 1958లో ప్రపంచ కప్పు గెలిచినపుడు లోకమంతట పేరొందిన నాలుగు, రెండు, నాలుగు అను అమరికను మన దేశమున ప్రవేశపెట్టినవారిలోను ఆయనయే ముఖ్యుడు.

ఈ మధ్యకాలమున ఆయన కంటబడిన బాలుడొకడు కలడు. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కడుపేదవాడు. హైదరాబాదు వచ్చి అభ్యాసము చేయుమని రహీం పిలిచినపుడు, అంతదూరము వచ్చిపోవుటకు వానిచేత డబ్బు లేదు. రహీం సైకిలు అద్దెకు డబ్బు తానే ఇచ్చి పిలిపించుకొనెను. అద్దెసైకిలు మీద వచ్చిన ఆ పిల్లవాడు ఇరువది యేండ్లు నిండీ నిండకమునుపే ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించెను.

1956లో మెల్‌బోర్న్‌నకు పోయిన జట్టులో బలరాముతోపాటు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ మొదలగు హైదరాబాదువారు పెక్కురు ఉండిరి. నాయకుడు సమర్ బెనర్జీ. హంగేరీ రాకపోవుటచే తొలి అంచె ఆటలేకయే దాటిరి. డిసెంబరు 1వ తేదీన ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4–2 గోళ్లతో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోళ్లు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆ ఘనత సాధించిన తొలి ఆసియావాసి అయ్యెను. సెమీఫైనలులో మరల యుగోస్లావియా ఎదురుపడెను. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు చేసిన ఆ దేశముపై ఈసారి తొలి గోలు చేసినది భారతదేశము, చేసినవాడు డిసౌజాయే. తరువాత యుగోస్లావియా తేరుకొని 4–1తో గెలిచెను. కాంస్య పతకమునకై జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి, మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. పతకము రాలేదు. అయినను ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము అంత ఎత్తునకు మరల ఎన్నడును ఎక్కలేదు.

1960లో రోము నగరమున పి.కె. బెనర్జీ నాయకత్వమున ఆడిన జట్టు ఫలితములనుబట్టి చూచిన తక్కువది. ఆటనుబట్టి చూచిన మెల్‌బోర్న్ జట్టుకంటె మెరుగైనదే అనవలెను. హంగేరీతో 2–1 తేడాతో మాత్రమే ఓడెను. ఆ ఒక్క గోలు బలరామునిది. ఫ్రాన్సుపై బెనర్జీ గోలుతో ముందంజలో నుండి, ఆట ముగియు దశలో గోలు ఇచ్చుకొని సమముగా ముగించెను. పెరూ చేతిలో 3–1తో ఓడి ఇంటిదారి పట్టెను. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఉండెను. మూడు ఆటలు జరిగెను. హకీము ఒక్కదానిలోను దిగలేదు. శిక్షకుడైన తండ్రి కండ్లయెదుట కుమారుడు మూడు ఆటలను గట్టుననుండి చూచి తిరిగివచ్చెను.

1962 నాటికి రహీం ఆరోగ్యము చెడెను. ఊపిరితిత్తులలో పుట్టిన పుండు ఆయనను తినివేయుచుండెను. అయినను జకార్తాలోని ఆసియా క్రీడలకు జట్టును తీసికొని వెళ్లెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో గెలిచెను. తరువాత థాయిలాండును 4–1తో, జపానును 2–0తో ఓడించిరి. కాని థాయిలాండు ఆటలో సెంటర్ బ్యాకు జర్నైల్ సింగు తల పగిలి కుట్లు పడెను. రక్షణకు మూలస్తంభము వంటివాడు అతడు. రహీం అతనిని పక్కన పెట్టక, మునుముందు నిలిపి సెంటర్ ఫార్వర్డును చేసెను. వెనుకటి భారమును అరుణ్ ఘోష్ మొదలగువారికి అప్పగించెను. చూచినవారికిది సాహసమనిపించినది. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై నాయకుడు చునీ గోస్వామి రెండు గోళ్లు, జర్నైల్ ఒక గోలు చేసి 3–2తో గెలిపించిరి.

మైదానము వెలుపల మరియొక చిక్కు వచ్చిపడెను. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులకు ఇండొనీషియా ప్రవేశమీయలేదు. ఆసియా క్రీడా సమాఖ్యలో ప్రముఖుడైన భారతీయుడు జి.డి. సోంధీ అందుకు అభ్యంతరము తెలిపి, ఆ క్రీడలకు ఆసియా క్రీడలను పేరు తగదని వాదించెను. జకార్తా ప్రజలు భగ్గుమనిరి. భారత రాయబార కార్యాలయముపై మూకలు పడెను. తలపాగాతో దూరమునుండియే గుర్తింపబడు జర్నైల్ బస్సులో వంగి కూర్చుండి ప్రయాణింపవలసి వచ్చినదని ఆ జట్టువారు తరువాత చెప్పుకొనిరి. ఫైనలు ముందటి రాత్రి ఆటగాండ్రకు నిద్ర పట్టలేదు. రహీం వారితో కూడి మాటలాడి, తనకొక కానుక కావలెననియు, అది మరునాటి స్వర్ణపతకమనియు కోరెనట. ఆయన వ్యాధి ఎంత ముదిరినదో వారిలో ఎందరికి తెలియునో కాని, ఆ కోరికను ఎవరును మరువలేదు.

1962 సెప్టెంబరు 4వ తేదీన సెనయాన్ స్టేడియములో మరల దక్షిణ కొరియాయే ఎదురు నిలిచెను. సుమారు లక్షమంది ప్రేక్షకులు భారతీయుల కాలికి బంతి తగిలిన ప్రతిసారియు హేళనచేసి అరచిరి. మనవారికై కేకలు వేసినవారు అదే క్రీడలలో హాకీ ఫైనలున మనలను ఓడించిన పాకిస్తాను ఆటగాండ్రు. హైదరాబాదులోనే పుట్టిన పీటర్ తంగరాజు జ్వరమునుండి కోలుకొని గోలు కాచెను. పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నైల్ సింగు గోళ్లు చేసిరి. జర్నైల్ తలమీద కుట్లింకను ఆరలేదు. కొరియా చివరి నిమిషములలో ఒక్క గోలు మాత్రము చేయగలిగెను. 2–1తో భారతదేశము గెలిచెను. కోరిన కానుక గురువునకు దక్కెను.

తొమ్మిది నెలలు తిరిగినవో లేదో, 1963 జూన్ 11వ తేదీన రహీం కన్నుమూసెను. వయస్సు ఏబదిమూడు సంవత్సరములు. ఆటగాండ్రకై అర్జున పురస్కారము 1961లో ఏర్పడెను; ఫుట్‌బాలులో దానిని మొదట అందుకొనినవాడు ఆయన శిష్యుడు బెనర్జీ. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారమన్నది 1985 వరకు పుట్టనేలేదు.

ఆయన తీర్చిన ఆటగాండ్రు మరికొంతకాలము జట్టును నిలిపిరి. 1964 ఆసియా కప్పులో భారతదేశము రెండవ స్థానము పొందెను. 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టునకు నాయకుడు హైదరాబాదు వాసియైన సయ్యద్ నయీముద్దీన్. అటు తరువాత తరము మారెను. ఒలింపిక్ ఫుట్‌బాలు ప్రధాన పోటీలకు భారత జట్టు 1960 తరువాత 2024 వరకు ఒక్కసారియు అర్హత పొందలేదు. రహీం మరణముతోనే ఆట పడిపోయినదనుట అతిశయోక్తి. దేశదేశముల ఆట పెరిగినంత వేగముగా మన ఏర్పాట్లు పెరుగలేదు. కాని ఎడమకాలి పోటీలు, పొట్టివారి పోటీలు నడపి ఊరూర పిల్లలను వెదకువారు కరవైరన్న మాట మాత్రము నిజము. 2024లో ఆయన జీవితము ఆధారముగా మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చినపుడు, ఆయన పుట్టిన నగరముననే పెక్కుమంది యువకులు ఆ పేరు మొదటిసారి వినిరి.

రోములో గట్టున కూర్చుండిన హకీము పిదప వైమానికదళమున ఉద్యోగము చేయుచు, అంతర్జాతీయ పోటీలకు రెఫరీ అయ్యెను. 1982లో ఢిల్లీలో మరల ఆసియా క్రీడలు జరిగినపుడు, శిక్షకుడైన పి.కె. బెనర్జీకి సహాయకుడుగా భారత జట్టు వెంట నిలిచెను. తండ్రి శిష్యుడును, కుమారుడును ఒకే గట్టున కూర్చుండిరి. హకీము 2021 ఆగస్టులో మరణించెను. సైకిలు అద్దెకు డబ్బు పుచ్చుకొనిన బలరాం 2023 ఫిబ్రవరిలో మరణించెను.