సేవకు శాస్త్రాన్ని జోడించిన ఫ్లారెన్స్ నైటింగేల్

రోగి మంచం ప్రక్కన నిలిచి రాత్రింబవళ్ళు పరిచర్య చేసే నర్సును మనం తల్లితో పోలుస్తాము. ఆ పోలిక ఉచితమైనదే. కాని ఆ తల్లి వేళకు భోజనం చేసిందా, కాసేపైనా కన్ను మూసిందా అని విచారించేవారు తక్కువ. సేవను కొనియాడి, సేవ చేసేవారి కష్టాన్ని విస్మరించుట లోకసహజం. 19వ శతాబ్దంలోనే ఈ లోపాన్ని గుర్తించి, దానిని సరిదిద్దుటకు జీవితాన్ని ధారపోసిన మహిళ ఫ్లారెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్నమైన ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. జన్మించిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి స్వయంగా గ్రీకు, లాటిన్ భాషలు, చరిత్ర బోధించాడు. ఆమెకు గణితమంటే మిక్కిలి ఆసక్తి. తాను నర్సు కాగోరుతున్నానని చెప్పినప్పుడు మాత్రం ఇంటిల్లిపాది నివ్వెరపోయారు. ఆనాడు ఇంగ్లాండు ఆసుపత్రులలో ఆ పని చేసేవారికి శిక్షణ లేదు, చాలినంత జీతం లేదు, సంఘంలో గౌరవం లేదు. మరో జీవనోపాధి దొరకనివారు చేసే పని అని లోకులు చిన్నచూపు చూసేవారు. తల్లి, సోదరి ఎంత వ్యతిరేకించినా ఆమె తన సంకల్పం విడువలేదు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది.

1853లో లండన్‌లో స్త్రీల కొరకు నడిచే ఒక చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలైంది. అక్కడ ఆమె కోరిన ఏర్పాట్లు గమనింపదగినవి. ప్రతి అంతస్తుకు గొట్టాల ద్వారా వేడినీరు రావాలన్నది. భోజనం పైకి చేర్చుటకు యంత్రసాధనం ఉండాలన్నది. ఏ రోగి పిలిచినదీ తెలిసేటట్లు గంటలు అమర్చమన్నది. మెట్లు ఎక్కి దిగుటలోనే నర్సు శక్తి హరించుకుపోతే రోగిని చూచుకొనుటకు ఏమి మిగులుతుందన్నది ఆమె ఆలోచన.

అంతలో క్రిమియా యుద్ధం వచ్చింది. గాయపడిన బ్రిటిష్ సైనికుల దుస్థితి పత్రికల ద్వారా తెలిసి ప్రజలు కలవరపడ్డారు. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై ఆమె 38 మంది స్త్రీలతో 1854 అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. నర్సులకు దొరికినవి కొద్దిపాటి ఇరుకు గదులు. సబ్బు, తువ్వాళ్ళు, పాత్రలు కూడా కరవు. సైనిక వైద్యులు మొదట వారిని రోగుల దరికి రానీయలేదు. ఆమె వాదులాటకు దిగక, వైద్యులే పిలిచేవరకు ఓర్పుతో వేచియున్నది. చందాల ధనంతో వస్తువులు కొన్నది, బట్టలుతుకుటకు ఏర్పాట్లు చేసింది. రాత్రివేళ దీపం చేతబట్టి వరుస వెంబడి వరుసగా రోగులను పరామర్శించింది. ఆ దీపమే ఆమెకు లోకప్రసిద్ధి తెచ్చింది.

కాని ఆ దీపం వెనుక ఒక చేదు నిజం ఉన్నది. అంత సేవ జరుగుతున్నా మరణాలు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 42 మంది వరకు మరణించారు. మార్చిలో వచ్చిన ఆరోగ్య సంఘం భవనం క్రింద పేరుకొన్న మురుగును తొలగించి, గాలి వచ్చే మార్గాలు కల్పించి, గోడలకు సున్నం వేయించింది. జూన్ నాటికి మరణాలు నూటికి సుమారు రెండుకు దిగినవి. 1856లో స్వదేశం చేరిన పిమ్మట, గణాంక శాస్త్రజ్ఞుడు విలియం ఫార్ సహాయంతో లెక్కలు పరిశీలించిన ఆమెకు, గాయాలకంటె అపరిశుభ్రతే ఎక్కువమందిని బలిగొన్నదని స్పష్టమైంది. కరుణ ఎంత గొప్పదైనా, పనిచేసే చోటు సరిగా లేకపోతే అది నిష్ఫలమవుతుందని ఆమె గ్రహించింది. ఆ లెక్కలను రంగుల చిత్రపటాలుగా గీసి ప్రభుత్వం ముందుంచింది. 1858లో లండన్ గణాంక సంఘంలో తొలి మహిళా సభ్యురాలైంది.

ప్రజలు ఆమె గౌరవార్థం ఇచ్చిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల వెలసింది. అక్కడ చేరినవారికి చదువుతోపాటు వసతి, భోజనం, దుస్తులు, కొంత భత్యం కూడా ఇచ్చేవారు. నర్సు పనికి విద్య, భద్రత, గౌరవం మూడూ అవసరమని ఆ ఏర్పాటు చాటింది.

యుద్ధభూమిలో సోకిన జ్వరం ఫలితంగా ఆమె అనేక సంవత్సరాలు మంచానికే పరిమితమైంది. అయినా కలం ఆగలేదు. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా ఇక్కడి సైనికుల, గ్రామీణుల ఆరోగ్యం గురించి దశాబ్దాల తరబడి వ్రాసింది. క్షామాలను అరికట్టుటకు నీటిపారుదలే మార్గమని, మన గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వాదాన్ని బలపరిచింది. తెలుగువారు ఆమెను ఆత్మీయంగా తలచుకొనుటకు ఇదొక కారణం.

ఆమె అభిప్రాయాలన్నీ కాలపరీక్షకు నిలువలేదు. పరీక్షలు నిర్వహించి నర్సుల పేర్లను అధికారికంగా నమోదు చేయాలని తోటివారు కోరినప్పుడు, సత్ప్రవర్తనను పరీక్షలతో కొలువలేమని ఆమె వ్యతిరేకించింది. ఆమె మరణానంతరం 1919లో బ్రిటన్‌లో ఆ చట్టం వచ్చింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. 1910 ఆగస్టు 13న, 90వ ఏట కన్నుమూసింది.

ఆమె జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆమె ద్విశతజయంతి సంవత్సరమైన 2020లోనే కరోనా మహమ్మారి ప్రపంచాన్ని కుదిపివేసింది. ఊపిరాడని రక్షణ దుస్తులలో గంటల తరబడి నిలిచిన నర్సులకు మనం చప్పట్లు కొట్టాము, దీపాలు వెలిగించాము. అది మంచిదే. కాని వారికి కావలసినది అంతటితో తీరదు. చేయగలిగినంత మంది రోగులను మాత్రమే అప్పగించుట, విశ్రాంతికి వేళ, రాత్రి విధులలో రక్షణ, శ్రమకు తగిన జీతం కావాలి.

మన బాలికలలో ఎవరైనా నర్సు కావాలనుకుంటే తల్లిదండ్రులు వెనుకకు లాగవద్దు. కేవలం త్యాగాన్ని బోధించి పంపనూవద్దు. తన వృత్తి గౌరవాన్ని కోరుట స్వార్థం కాదని, అది రోగి క్షేమానికి కూడా అవసరమని నేర్పి పంపాలి. నైటింగేల్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.