కాలువ గట్టున కనబడిన ప్రేమ

ఒంగోలులో ప్రార్థన కొండ తెలియని క్రైస్తవులు అరుదు. 1854 జనవరి 1న వేకువ జామున నెల్లూరు మిషనరీ లైమన్‌ జ్యూయెట్‌, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866 సెప్టెంబరులో జాన్‌ ఎవరెట్‌ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టారు.

అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్రంలో 1836లో పుట్టిన క్లౌ, యౌవనంలో భూముల సర్వే పని నేర్చుకున్నారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితోనే ఒంగోలు సంఘం మొదలైంది. యెర్రగుంట్ల పేరయ్య వంటివారు ఊరూరా తిరిగి సువార్త చెప్పగా, మాదిగపల్లెల పేదలు ఎందరో ప్రభువును నమ్ముకున్నారు.

అంతలో 1876-78 నాటి ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ ప్రభుత్వం వద్ద బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు. చిన్ననాటి సర్వే విద్య అక్కడ అక్కరకొచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. వేలాదిమంది మట్టి మోసి, కూలి డబ్బుతో ప్రాణాలు నిలుపుకున్నారు. పని ఆగినప్పుడు బోధకులు యేసును గురించి చెప్పేవారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. క్లౌ మాత్రం ఇవ్వలేదు. కూటికోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదన్నది ఆయన పట్టుదల. సుమారు 15 నెలలు ఎవరినీ సంఘంలో చేర్చుకోలేదు.

కరువు సాయం ముగిశాకా ఆ జనం వెనుదిరగలేదు. తమకు డబ్బు వద్దని, క్రీస్తు చాలని బతిమాలారు. ఇక క్లౌ కాదనలేకపోయారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మూడు రోజుల్లో ఆ సంఖ్య 3,536కు చేరింది. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరిట ఆస్పత్రి వెలిసింది.

ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న 15 నెలల నిరీక్షణను మాత్రం మరచిపోతాం. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం ప్రేమ. పెట్టిన అన్నానికి బదులుగా ఏమీ కోరకపోవడం క్రీస్తు ప్రేమ. ఈ వారం మనం ఎవరికైనా చేసే సాయంలో ఈ రెండింటిలో ఏది ఉందో ప్రభువు సన్నిధిలో పరీక్షించుకుందాం.