రాజ్‌చంద్ర బోస్

రాజ్‌చంద్ర బోస్ 1901 జూన్ 19న హోషంగాబాద్‌లో ఒక డాక్టరు గారింట పుట్టారు. ఐదుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. 1918లో వచ్చిన ఫ్లూ మహమ్మారికి తల్లి బలయ్యారు. మరుసటి ఏడాదే తండ్రి కూడా పోయారు. ఆ కష్టాల్లోనే చదువు సాగించి, 1927లో కలకత్తా విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. మొదటి తరగతిలో పాసయ్యారు. తర్వాత ఇక్కడే ఆశుతోష్ కాలేజీలో లెక్చరరు అయ్యారు.

1932 డిసెంబరులో మహలనోబిస్ గారు ఆయన్ని భారతీయ గణాంక సంస్థలోకి పార్ట్‌టైమ్ పనికి పిలిచారు. తనకు గణాంకశాస్త్రం పెద్దగా రాదని బోస్ చెప్పినా వినలేదు. చేరిన మర్నాడే ఒక పత్రిక సంపుటాలన్నీ, చదవాల్సిన 50 వ్యాసాల జాబితా, దాంతోపాటు ఫిషర్ రాసిన పుస్తకం బల్ల మీదికి వచ్చాయి. పరీక్షల ముందు మన పరిస్థితే!

అప్పట్లో నాజీల జర్మనీ వదిలి వచ్చిన లెవీ అనే ఆచార్యుడు కలకత్తాలో ఆధునిక బీజగణితం చెప్పేవారు. బోస్‌కు పరిమిత క్షేత్రాలు పరిచయమైంది అక్కడే. గడియారంలో లాగే ఈ లెక్కలోనూ సంఖ్యలు కొన్నే ఉంటాయి. ఎంత కూడినా, గుణించినా వాటిలోనే తిరుగుతాం. అయితే ఇక్కడ సున్నాతో తప్ప దేనితోనైనా భాగించవచ్చు. పొలంలో ఏ మడిలో ఏ విత్తనం వేసి పరీక్షించాలో తేల్చడానికి బోస్ ఈ లెక్కను వాడారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సి.ఆర్. రావు గారు ఆయన విద్యార్థే.

1945లో బోస్ గణాంకశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు. అప్పుడు గానీ ఆయనకు డాక్టరేటు లేదని ఎవరికీ గుర్తుకు రాలేదు! అచ్చయిన వ్యాసాలే సమర్పించి 1947లో దాన్ని అందుకున్నారు. ఇక్కడ ఉంటే ఆఫీసు పనుల్లో పడి పరిశోధన ఆగిపోతుందని 1949లో అమెరికా వెళ్ళిపోయారు. ఆయిలర్ 1782లో చేసిన ఒక ఊహ తప్పని 1959లో శ్రీఖండే, పార్కర్‌లతో కలిసి నిరూపించారు. 1960లో శిష్యుడు రాయ్‌చౌధురితో కలిసి తప్పులు దిద్దే కోడ్ ఒకటి ప్రకటించారు. ఫ్రాన్సులో హోకెన్‌గెమ్ కూడా విడిగా అదే కనుక్కున్నారు. అందుకే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని బి.సి.హెచ్. కోడ్ అంటారు.

ఇక మన ఫోన్ సంగతి. అందులో దాచిన సమాచారానికి ఏ.ఇ.ఎస్. అనే పద్ధతి తాళం వేస్తుంది. దాని లెక్క జరిగేది 256 సంఖ్యలున్న పరిమిత క్షేత్రంలో. ఆ తాళాన్ని బోస్ చేయలేదు. కానీ ఫ్లాష్ మెమరీలో అప్పుడప్పుడు ఒక బిట్ తారుమారవుతుంది. మామూలు పాఠంలో అయితే ఒక అక్షరమే చెడుతుంది. తాళం వేసిన పాఠంలో ఆ ఒక్క బిట్ వల్ల, తాళం తీశాక 16 బైట్ల ముక్కంతా అర్థం లేనిదైపోతుంది. సరైన పాస్‌వర్డు ఉన్నా లాభం లేదు. అలా జరగకుండా ముందే కొన్ని అదనపు బిట్లు చేర్చి, తప్పు ఎక్కడుందో పట్టి దిద్దే పని ఎన్నో ఫ్లాష్ మెమరీల్లో బి.సి.హెచ్. కోడ్ చేసింది.

ఏ.ఇ.ఎస్. ప్రమాణంగా వచ్చింది 2001లో. బోస్ గారు 1987లోనే కొలరాడోలో కన్నుమూశారు.