డిప్యూటీ నజీర్ అహ్మద్

ఉర్దూ శాఖ విద్యార్థులకు డిప్యూటీ నజీర్ అహ్మద్ గారిని పరిచయం చేయనక్కరలేదు. ఉర్దూలో తొలి నవలాకారుడుగా పేరెన్నికగన్న ఆ రచయిత కథ తెలుగు శాఖవారికి కూడా తెలియవలెనని ఈ చిన్న వ్యాసం.

నేటి ఉత్తర ప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా రెహర్ గ్రామంలో, 1830లలో, ఒక పేద మౌల్వీ ఇంట ఆయన జన్మించారు. తండ్రి ఆయనను చదువు నిమిత్తం ఢిల్లీలో మౌల్వీ అబ్దుల్ ఖాలిక్ గారి వద్ద విడిచిపెట్టారు. అక్కడి మసీదులో చదివే పిల్లలకు భోజనం ఇరుగుపొరుగుల దయ. ఆ బాలుడు గడపగడపకూ తిరిగి రొట్టెలు తెచ్చేవాడు. గురువుగారి ఇంట మసాలా నూరే పని కూడా అతనిదే. నూరడంలో జాగు జరిగితే ఆ ఇంటి చిన్నపిల్ల ఒకతె అతని వేళ్ల మీద కొట్టేదట! ఉత్తరోత్తరా ఆమెయే ఆయన సహధర్మచారిణి అయినది. ఈ ముచ్చట మనకు దక్కడానికి కారకుడు ఆయన శిష్యుడు మిర్జా ఫర్హతుల్లా బేగ్. ఆ శిష్యుడు తరువాత హైదరాబాదు రాజ్యంలో ఉద్యోగం చేసినవాడే.

ఢిల్లీ కళాశాలలో చేరినప్పుడు తండ్రి ఇంగ్లీషు వద్దన్నందున నజీర్ అహ్మద్ అరబ్బీ శాఖలో చదివారు. ఇంగ్లీషు ఆ పిమ్మట స్వయంకృషితో నేర్చినదే. భారత శిక్షాస్మృతిని ఉర్దూలోనికి తెచ్చినవారిలో ఆయన ఒకరు. తహసీల్దారు పదవి, 1863లో డిప్యూటీ కలెక్టరు పదవి క్రమంగా లభించాయి. ‘డిప్యూటీ’ అన్న మాట పేరులో కలిసిపోయినది.

పుస్తకం రాయాలని ఆయన కలం పట్టలేదు. ఆడపిల్లలు ఇష్టపడి చదువదగిన పుస్తకం బజారులో కనిపించలేదు. తన కుమార్తెల కోసం తానే ఒక కథ మొదలుపెట్టారు. నాలుగు పుటలు రాసి ఇచ్చేవారు. అవి పూర్తికాగానే పిల్లలు తక్కినది ఏదని అడిగేవారు. ఆ కథ విద్యాశాఖాధిపతి కెంప్సన్ దొర కంటబడినది. ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమానమిచ్చినది. 1869లో అచ్చయిన ఆ కథయే ‘మిర్ఆతుల్ ఉరూస్’, అనగా పెండ్లికూతురి అద్దం. మన వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ వెలుగు చూడడం 1878లో గదా!

అక్బరీ, అస్గరీ అక్కచెల్లెళ్లు. ఒకే ఇంటి అన్నదమ్ములకు భార్యలవుతారు. గారాబంతో పెరిగిన అక్బరీ ఒక మాయలాడిని నమ్మి నగలు పోగొట్టుకొంటుంది. అస్గరీ దాసి దొంగలెక్కలను పట్టుకొని, సంసారాన్ని చక్కదిద్ది, ఇంటిలోనే బాలికలకు బడి పెడుతుంది. రచయిత మనలను మెచ్చుకోమన్నది అస్గరీనే. కాని నిజం చెప్పవలెనంటే, ఆమె తప్పు చేయదు, తొట్రుపడదు. చదివి ముగించిన తరువాత కన్నులకు కట్టేది అక్బరీయే. నీతిని బోధింపబూనిన కలం ఢిల్లీ ఇండ్లలోని స్త్రీల పలుకుబడిని పట్టుకోవడంతో బోధకుని మించిన కథకుడు బయటపడినాడు.

ఇదే చిక్కు ‘తౌబతున్నసూహ్’లో మరింత తీవ్రమైనది. 1874 నాటి ఈ నవలలో కలరా నుండి బయటపడిన నసూహ్ తన కుటుంబాన్ని ధర్మమార్గాన నడపబూనుతాడు. చిన్న పిల్లలు లోబడతారు. పెద్దకొడుకు కలీమ్ కవి, అభిమానధనుడు. లొంగడు, ఇల్లు విడిచిపోతాడు. తండ్రి అతని గ్రంథాలయానికి నిప్పు పెడతాడు. రచయిత తీర్పు తండ్రి పక్షాన ఉన్నది. అయినా ఆ పుటలు చదివే యువకుని మనస్సు తండ్రి వైపు పోగలదా? కలీమ్‌ను అంత సజీవంగా చిత్రించినవాడు ఆ నవలాకారుడే మరి.

1877లో సాలార్ జంగ్ ఆహ్వానంపై ఆయన హైదరాబాదుకు వచ్చి ఉన్నతోద్యోగం నిర్వహించారు. ఆ ఉద్యోగభారం నడుమనే దివ్య ఖురాన్‌ను కంఠస్థం చేశారు. 1883లో సాలార్ జంగ్ మరణించిన మరుసటి ఏడు ఢిల్లీకి తిరిగిపోయి, రచనలకూ ప్రసంగాలకూ అంకితమయ్యారు. ఖురాన్‌ను ఢిల్లీ నుడికారంలో అనువదించారు. 1902లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుతో సత్కరించినది.

ఆ నుడికారమే చివరకు ఆయనను చిక్కుల్లో పెట్టినది. అవసానదశలో ప్రవక్త సతీమణులను గురించి ‘ఉమ్మహాతుల్ ఉమ్మా’ రాశారు. పరమత విమర్శకు సమాధానంగా భక్తితో రాసినదే. కాని పూజ్యులను గురించి ఇంటి మాటల్లో రాయడం పలువురికి కష్టం కలిగించినది. అలజడి రేగినది. ప్రతులను ప్రోగుచేసి ఢిల్లీలో దహనం చేశారు. కలీమ్ పుస్తకాల మంటను వర్ణించిన వృద్ధ రచయిత, తన పుస్తకం కాలిన అదే ఢిల్లీలో 1912లో తుదిశ్వాస విడిచారు.